తీగబోనులో చేపలు తింటున్నదెవరు

అరబ్బు దేశంలో, ముఐథర్‌ అనే పేటలో ఓ పెద్దింట్లో డ్రైవరుగా చేరకముందు ఏసోబు ఉప్పాడలో సముద్రం మీద చేపల వేటకెళ్ళేవాడు. అందుకే ఇంటి యజమాని, అందరూ బాబా అని పిలిచే ముసలాయన, శుక్రవారాల్లో పడవ మీదికి అతన్నే తోడు తీసుకెళ్ళేవాడు. ఉత్తరపు తీరంలో, పగడపు దిబ్బల మీద బాబా గర్గూర్లు వేయించాడు. గర్గూరంటే బుట్ట బోర్లించినట్టుండే తీగబోను. లోపలికి దూరిన చేపకు బయటి దారి దొరకదు. పడవకు కాపలా ఇమామ్, ఒడ్డునే రేకుల గదిలో ఉంటాడు. కడప జిల్లావాడు, ఇక్కడికొచ్చాకే సముద్రాన్ని చూశాడు.

ఎండలు తగ్గాక బోనులు వెలితిగా రావడం మొదలైంది. ఒకదాంట్లో హమ్మూర్ చేప తల ఒక్కటే మిగిలింది, ఒంటి నుంచి మెలిపెట్టి తుంచినట్టు. బాబా తాడు లాగుతున్న ఏసోబును చాలాసేపు చూశాడు. ఆ చూపు ఏసోబుకు గుచ్చుకుంది. నెపం తన మీదికి రాకముందే దొంగను పట్టాలి. వారమంతా పడవ ఎవరి చేతిలో ఉంటుంది? ఆ తల కూడా ఏ జలచరమో తిన్నదని నమ్మించడానికి వదిలిందేనని అనుకున్నాడు.

ఒడ్డుకొచ్చేసరికి ఇమామ్ కుడిచేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు.

"చేతికా కట్టేంటి తమ్ముడూ?"

"తీగ గీరుకునిందిన్నా," అంటూ ఇమామ్ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

రెండ్రోజుల తర్వాత నజ్మా బజార్లో, ఓ హోటలు పక్కసందులోంచి నల్లసంచితో వస్తూ ఇమామ్ కనబడ్డాడు. ఏసోబును చూసి తల దించుకుని జనంలో కలిసిపోయాడు. ఏసోబుకు ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే బాబాతో, "వారం మధ్యలో కూడా పడవ కదులుతున్నట్టుంది బాబా," అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. మర్నాడు పడవ తాళంచెవి ఇమామ్ దగ్గర్నుంచి బాబా జేబులోకి వచ్చింది.

పడవ కదలకపోయినా, తర్వాతి శుక్రవారం మొదటి బోనులో చేపలు లేవు. రెండోది బరువుగా లేచింది. లోపల, తొడ లావున, తేనెపట్టు గళ్ళలా నల్లమచ్చలతో పాములాంటి మలుగు చేప ఒకటి. కడుపు ఉబ్బి, దూరిన సందులోంచే బయటికి రాలేక ఒళ్ళు ముడేసుకుని గింజుకుంటోంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఏసోబు చటుక్కున వెనక్కి జరిగాడు.

"కోపం మాఫీ," అన్నాడు బాబా, దానికి కోపం లేదని, తనకొచ్చిన అరబ్బీ కలిసిన హిందీలో. "ఊపిరి అలాగే తీస్తుంది. దీనికి కళ్ళు సరిగా ఆనవు, వాసన పట్టి వస్తుంది. పగలు రాతి బొక్కలో దాక్కుంటుంది. పట్టుకుంటే మాత్రం వదలదు, గొంతులో ఇంకో దవడ ఉంది."

బోను తలుపు విప్పి నీళ్ళలోకి వంచాడు. మలుగు జారి, రాళ్ళ మధ్య ఒక చీకటి సందులోకి తోక ముందు పెట్టి దూరింది.

ఒడ్డుకొచ్చాక, ఆ దవడలు గుర్తొచ్చి, బాబా ఇమామ్ చేతికట్టు విప్పించాడు. చెయ్యి వాచి, పళ్ళగాట్లు చీము పట్టి ఉన్నాయి.

"కూరకని రెండుసార్లు చేపలు తీసుకునింది నిజమే బాబా," అన్నాడు ఇమామ్ నేల చూస్తూ. "ఆ పొద్దు చెయ్యి పెడితే పామొకటి కరిచింది. చెప్తే పని పోతుందనుకున్నా. నజ్మాలో మందులు కొనుక్కుంటి." తర్వాత ఏసోబు వైపు తిరిగాడు. "నన్నే ఒక మాట అడిగుండొచ్చు గదన్నా."

అడిగినా తను నమ్మేవాడు కాదని ఏసోబుకు తెలుసు.

బాబా ఇద్దర్నీ చూసి, "యల్లా, పదండి డాక్టరు దగ్గరికి," అన్నాడు.

గాయం మానడానికి చాన్నాళ్ళు పట్టింది. క్లినిక్కుకు ఏసోబే తీసుకెళ్ళేవాడు. మొదట్లో ఇమామ్ వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికే చూసేవాడు. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఇమామ్ అడిగాడు.

"మీ ఊరి సముద్రంలో కూడా ఉంటాయాన్నా ఇట్లాంటివి?"

"ఉంటాయి," అన్నాడు ఏసోబు. వలలో పడిన మలుగుల్ని తన తండ్రి తాకకుండా ఎలా వదిలేసేవాడో దారి పొడుగునా చెప్పాడు. ఇమామ్ విన్నాడు గానీ, అందులో ఎంత నిజమో అన్నట్టు మధ్యమధ్య అతని మొహంలోకి చూస్తూనే ఉన్నాడు.