మడకట్టెల పొయ్యి

నిజాంపట్నం దగ్గర కాలువ ఒడ్డున ఉండే కోటేశ్వరి సముద్రానికి భయపడి ఎరగదు. భర్త సింగరయ్య వేటకెళ్లి తెచ్చిన రొయ్యల్ని ఉడకబెట్టి, ఎండబెట్టి రేపల్లెలో అమ్మేది. పొయ్యిలోకి మడకట్టెలే. ఊరిని ఆనుకుని సముద్రం వైపున్న మడ అడవిలో నరుక్కొచ్చుకునేవాళ్లు. ఆ కట్టె నిదానంగా, నిప్పు నిలిచి కాలుతుంది.

ఆమె భయమంతా గ్యాసంటేనే. బాపట్లలో సిలిండరు లీకై చెల్లెలు కాలిపోతుంటే కళ్లెదుటే చూసింది. అందుకే కోడలు భువనేశ్వరికి సర్కారు పథకంలో వచ్చిన గ్యాసు పొయ్యి మూలనే ఉండేది.

"ఆ పొగకి మీ దగ్గు చూశారా అత్తయ్యా? ఒక్కసారి వెలిగిద్దామండి."

"నా ఒంట్లో ప్రాణముండగా వద్దమ్మా."

కిందటేడు తుపానొచ్చింది. షెల్టరుకు పొమ్మని మైకులో చెప్పినా, ఉడుకుతున్న రొయ్యల్ని వదల్లేక కోటేశ్వరి ఆలస్యం చేసింది. మధ్యాహ్నానికే చీకటి కమ్మింది. తలుపు తీసేసరికి వీధంతా నీళ్లు. చూస్తుండగానే నడుముదాకా ఎక్కాయి. కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. అడవి దట్టంగా ఉన్న వైపు నీళ్లు మెల్లగా పాకుతున్నాయి. తాము నరికి బోడి చేసిన చోటునుంచి మాత్రం గోడలా వచ్చి పడుతున్నాయి. కోటేశ్వరి అటే చూస్తూ గుమ్మాన్ని పట్టుకుని ఉండిపోయింది. పడవ కట్టేయడానికెళ్లిన సింగరయ్య ఈదుకుంటూ వచ్చి ఇద్దర్నీ షెల్టరుకు లాక్కెళ్లాడు.

నీళ్లు తీశాక ఇంటికొస్తే మట్టిపొయ్యి కరిగిపోయింది. కట్టెలన్నీ బురద.

"కరెంటు పొయ్యి కొందాంలే," అన్నాడు సింగరయ్య.

"స్తంభాలే పడిపోతే కరెంటేదయ్యా?" అంది కోటేశ్వరి.

"ఉన్నా అది ఎక్కడో బొగ్గు కాలిస్తే వచ్చేదే కదండీ," అంది భువనేశ్వరి. "గ్యాసు కూడా సముద్రం అడుగునుంచి తోడతారంట."

"అంటే ఏది ముట్టించినా ఎవరికో కీడేనా?" అంది కోటేశ్వరి.

ఆమే లేచి, మూలనున్న గ్యాసు పొయ్యికి బురద తుడిచి అగ్గిపుల్ల గీసింది. మంట భగ్గుమనగానే కెవ్వుమని గుమ్మందాకా పరుగెత్తింది. కోడలు మంట తగ్గించి, రమ్మని పిలిచింది.

ఇప్పుడు ఇంట్లో వంట గ్యాసు మీదే. రొయ్యలకు మాత్రం తోటలు వేసి పెంచిన సరుగుడు కట్టెలు కొంటోంది. పొగ తప్పలేదు, దగ్గూ తగ్గలేదు. మడ జోలికి మాత్రం పోదు, పోయేవాళ్లతో గొడవపడుతుంది. సిలిండరు కట్టేశానో లేదోనని వీధి చివరనుంచి వెనక్కొస్తుంది. గాలి కాస్త హోరెత్తితే చాలు, ఎసరు దించేసి షెల్టరు దారి పడుతుంది.