పది కిలోమీటర్లు, ఒక ఆటో

నేను పరుగు మొదలుపెట్టింది ఆరోగ్యం కోసం కాదు, పులిహోర వల్ల.

విజయనగరంలో మా పిన్ని కూతురి పెళ్ళికి ఇంటిల్లిపాదీ బయల్దేరాం. నా భార్య, పిల్లలు, అక్క, బావ ముందుగా స్టేషనుకు వెళ్ళి బెర్తుల్లో సర్దుకున్నారు. నేను ఆఫీసు నుంచి క్వార్టర్‌కు వెళ్ళి, అందరి రాత్రి భోజనానికి పులిహోర ఉన్న పెద్ద క్యారేజీ పట్టుకుని రావాలి. ఏళ్ళ తరబడి రైల్వేలో పనిచేస్తున్నవాణ్ణి కదా, రైలు నన్ను వదిలేసి వెళ్తుందన్న అనుమానమే రాలేదు. నేను మెట్లు దిగేసరికి బండి కదిలింది. మా బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు గురించి ఊళ్ళో అందరూ గొప్పలు చెప్పుకుంటారు. ఆ సాయంత్రం నేను మాత్రం దాన్ని కట్టినవాళ్ళను తిట్టుకుంటూ పరిగెత్తాను. మా బోగీ తలుపు దగ్గర నా భార్య చెయ్యి చాచి నిలబడి ఉంది.

"కేరేజీ! ముందు కేరేజీ ఇచ్చీండి!" అని అరిచింది.

ఇచ్చాను. జాగ్రత్తగా అందుకుంది. ఇక నేనెక్కాలి. అప్పటికే నా ఊపిరి నన్ను వదిలేసింది, పొట్ట మీద చొక్కా గుండీ కూడా వదిలేసింది. ఒక స్తంభాన్ని కావలించుకుని ఆగిపోయాను. పులిహోర పెళ్ళికి వెళ్ళింది. నేను మర్నాడు ఇంకో బండిలో, ఖాళీ కడుపుతో వెళ్ళాను.

అప్పటికే ఆ కథ పెళ్ళింట్లో అందరికీ తెలిసిపోయింది. మా బావ బొగ్గు కంపెనీలో పెద్ద ఉద్యోగి. గుంటూరు వైపు మనిషి. బిలాస్‌పూర్‌లోనే, నెహ్రూ నగర్‌లో సొంతిల్లు. ఆయన భోజనాల వరసల మధ్య సాంబారు బకెట్టు పట్టుకుని, నా పరుగు ఎలా ఉందో నటించి చూపించాడు. పెళ్ళికూతురు తలొంచుకుని మరీ నవ్వింది.

తిరిగొచ్చిన వారమే బూట్లు కొన్నాను. తెల్లవారకముందే రైల్వే గ్రౌండుకు వెళ్తే ఎవరూ చూడరనుకున్నాను. రైల్వే కాలనీలో ఎవరూ చూడని వేళంటూ ఉండదు. డ్యూటీకి పోయేవాళ్ళు, డ్యూటీ దిగి వచ్చేవాళ్ళు, పాలకోసం నిలబడినవాళ్ళు. మొదటి రోజే ఒక పెద్దావిడ పాలగిన్నె పక్కన పెట్టి కంగారుగా అడిగింది.

"ఏటి బాబూ, ఎవులైనా తరుముతన్నారేటి?"

గ్రౌండులో నాకు గురువు దొరికాడు. పక్క క్వార్టర్‌లో కొడుకు దగ్గర ఉండే బాబాయి. చుట్టం కాదు, మా నాన్న ఈడువాళ్ళందరూ కాలనీలో మాకు బాబాయిలే. గూడ్సు బండ్లకు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు గార్డును ట్రెయిన్ మేనేజర్ అనాలట. ఆ మాట వింటే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. మెళ్ళో పాత విజిల్ వేసుకుని రోజూ గ్రౌండు చుట్టూ నడిచేవాడు. నన్ను రెండు రోజులు చూసి, మూడో రోజు విజిల్ ఊది ఆపేశాడు.

"ఒరే, అలగ ఉరికితే ఎలగరా? బొగ్గు లోడుబండి ఎలగ కదుల్తాదో సూసినావా? మెల్లగా కదుల్తాది. కదిలినాక మరాగదు."

ఆ సలహా పనిచేసింది. ఆయన సలహాలన్నీ పనిచేశాయని చెప్పలేను. పరుగుకు ముందు చద్దన్నం తింటే బలమన్నాడు. తిన్నాను. ఒక రౌండు తిరిగేసరికి ఆ చద్దన్నం నాతో ఉండనంది. గ్రౌండు గోడ వెనక దానికి వీడ్కోలు చెప్పి వస్తే, "సూసినావా, కడుపు కాలీ అయినాది. ఇప్పుడు తేలిగ్గా ఉరుకు," అన్నాడు.

చలికాలం వచ్చేసరికి నేను లింగియాడీహ్ పేట దాకా ఆగకుండా వెళ్ళి రాగలుగుతున్నాను. ఈ వార్త విని బావ ఊరుకోలేకపోయాడు. ఆయన ఏ పనైనా సామగ్రితో మొదలుపెడతాడు. చిలకపచ్చ బూట్లు, నల్లకళ్ళజోడు, జబ్బకు కట్టుకున్న ఫోను. అందులోంచి ఒక అమ్మాయి గొంతు ప్రతి కిలోమీటరుకూ ఇంగ్లీషులో వేగం చెప్పేది. బాబాయి ఉలిక్కిపడ్డాడు.

"ఎవులా అమ్మ? మాటిమాటికీ అరుస్తాది?"

"యాప్ బాబాయ్. ఎంత స్పీడుగా వెళ్తున్నామో చెబుతుంది."

"అచ్ఛా. మా ఇంటిది కూడా అంతే. ఫోనక్కర్లేదు."

అన్ని హంగులున్నా, బావ నిజంగానే నాకంటే వేగంగా పరిగెత్తేవాడు. అదే నా బాధ.

ఆ శీతాకాలం ఊళ్ళో ఏదో కమిటీవాళ్ళు ఆదివారం పూట పది కిలోమీటర్ల పందెం పెట్టారు. బావ, నేను పేర్లిచ్చాం. బాబాయి కూడా ఇచ్చాడు.

"బాబాయ్, నువ్వు పరిగెత్తుతావా?"

"పరిగెట్టను. నడుస్తాను. ఎనకాలుంటాను. బతుకంతా అక్కడే ఉన్నాను గదా, కొత్తేటి?"

పందెం రోజు ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, పరుగు గురించి చాలాసేపు మాట్లాడాడు కానీ ఒక్క అడుగు పరిగెత్తలేదు. చివరికి జెండా ఊపారు. అందరికీ ఒకే నీలం టీషర్టులు. జనంలోంచి బావ చిలకపచ్చ బూట్లు రివ్వున దూసుకుపోయాయి. నేను బొగ్గు లోడుబండిలా కదిలాను.

సగం దారిలో, సిర్గిట్టి వైపు రైల్వే గేటు పడింది. కమిటీవాళ్ళు దారి గీసేటప్పుడు ఆ గేటు సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు. రైలుపెట్టెల కంటే మనుషులకు తొందరెక్కువని అనుకున్నారేమో. నేను వెళ్ళేసరికి ముందు పోయినవాళ్ళందరూ గేటు దగ్గర చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. బావ కూడా. బొగ్గుబండి వెళ్తోంది, వెళ్తూనే ఉంది. అది పోయాక గేటు లేస్తుందనుకుంటే, అవతలి వైపు నుంచి ఇంకోటి వచ్చింది. ఒక్కొక్కరే వెనకవాళ్ళు వచ్చి కలిశారు. పందెం కాస్తా పాలకోసం నిలబడిన వరసలా తయారైంది. అందరికంటే చివర, తీరిగ్గా నడుచుకుంటూ బాబాయి వచ్చాడు. మమ్మల్నందరినీ కలయజూసి మురిసిపోయాడు.

"ఏటి, నాకోసం ఆగినారా?"

అప్పుడే ఇద్దరు కుర్రాళ్ళు గేటు కింద నుంచి దూరబోయారు. బాబాయి విజిల్ ఊది అరిచాడు. నవ్వే మనిషి గొంతు కాదు అది.

"ఎనక్కి రండి! మెడల్ కోసం బండి కింద పడతారా?"

వాళ్ళకు తెలుగు రాదు, కానీ వెంటనే వెనక్కి వచ్చేశారు. గార్డుగా ఉన్న రోజుల్లో ఆయన ఏం చూశాడో మాకెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. బండి చివరి పెట్టె దాటుతుంటే ఆయన చెయ్యెత్తాడు. లోపలున్న గార్డు కూడా చెయ్యెత్తాడు.

గేటు లేచింది. బావ కదల్లేదు. అంతసేపు నిలబడేసరికి పిక్క పట్టేసింది. ముఖం మాత్రం మామూలుగా పెట్టి, "నువ్వు పద, నేను లేసు కట్టుకుని వస్తాను," అన్నాడు. జీవితంలో మొదటిసారి బావను వెనక వదిలి పరిగెత్తాను. ఆ ఆనందంలో ఎండ కూడా తెలియలేదు.

పందెం ముగిసే గ్రౌండు ఇంకాస్త దూరముందనగా ఒక ఆటో నన్ను దాటింది. లోపల ఎవరో తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు. తువ్వాలు తలకే సరిపోయింది. కింద చిలకపచ్చ బూట్లు బయటకే ఉన్నాయి. ఆటో పక్క సందులోకి తిరిగింది.

నేను రొప్పుకుంటూ చేరేసరికి బావ మెళ్ళో మెడల్‌తో, రెండు వేళ్ళు చూపిస్తూ ఫోటో దిగుతున్నాడు. అక్క పొంగిపోతోంది.

"సూసినావేటి మీ బావని! నీకన్నా ముందొచ్చీసినారు!"

ఇంతలో బావ ఆ ఫోను ఆపబోయి ఏదో నొక్కాడు. ఆ అమ్మాయి గట్టిగా ఇంగ్లీషులో అభినందించింది. మీ జీవితంలోనే అత్యంత వేగవంతమైన కిలోమీటరు ఇదే అంది. ఆ వేగమెంతో కూడా చెప్పింది. అక్క స్కూల్లో ఇంగ్లీషు టీచరు.

"ఏవండీ, అంత స్పీడు ఎలగొచ్చినాది?"

"జీపీఎస్ తప్పు చూపిస్తోంది," అన్నాడు బావ.

వెనకనుంచి ఆటో అతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. పాపం, మంచి మనిషి. "సాబ్, ఆప్‌కీ బాటిల్ ఆటో మే రహ్ గయీ థీ," అంటూ ఆటోలో మరిచిపోయిన నీళ్ళసీసా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అక్క ఆ సీసా వంక చూసి, బావ వైపు తిరిగింది. అక్క అలా చూస్తే బావకు చెమటలు పడతాయి. అప్పటికే పట్టి ఉన్నాయి కాబట్టి తేడా తెలియలేదు.

టెంటువాళ్ళు పందెం ముగింపు దగ్గర గాలితో నిలబెట్టిన ద్వారం విప్పడం మొదలుపెట్టారు. బాబాయి ఇంకా రాలేదు. నా భార్య వాళ్ళమీద విరుచుకుపడింది. "అరే రుకో! అభీ ఏక్ ఆద్మీ బాకీ హై!" నేను వెనక్కి వెళ్ళాను. రోడ్డు మలుపులో, బూట్లు చేతిలో పట్టుకుని, కుంటుకుంటూ వస్తున్నాడు.

"జోడు కరిసీసినాదిరా."

"బాబాయ్, ఆటో పిలవనా? అందరూ వచ్చేశారు."

"అందరూ ఎలగొచ్చినట్టురా? ఆఖరి డబ్బా లోపలికొస్తేనే బండి వచ్చినట్టు లెక్క."

ఇద్దరం నడిచాం. అంతకుముందూ ఆ తర్వాతా నేను అంత నెమ్మదిగా ఏ పందెమూ ముగించలేదు. ద్వారంలో గాలి సగం పోయి, నడుము విరిగి వేలాడుతోంది. నా భార్య ఒకవైపు, అక్క ఒకవైపు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. బాబాయి తల వంచి కిందనుంచి వచ్చి, ఒక్కసారి విజిల్ ఊదాడు.

మెడళ్ళు అయిపోయాయన్నారు. అక్క నేరుగా వెళ్ళి బావ మెళ్ళోది తీసి బాబాయికి ఇవ్వబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆటో మీదొచ్చిన మెడల్ నాకేలమ్మా? నేను నడిసొచ్చినాను."

బావ నేలచూపులు చూశాడు. "పోహా ఏటైనా మిగిలిందేటి?" అని బాబాయి అడిగితే, ఆ అటుకుల టిఫిను కూడా అయిపోయిందన్నారు. అప్పుడు మాత్రం ఆయనకు కోపం వచ్చింది.

వారంపాటు బావ ఫోనెత్తలేదు. తర్వాతి ఆదివారం పొద్దున్నే అక్క పిలిస్తే గ్రౌండుకు వెళ్ళాను. బావ అదే నీలం టీషర్టు వేసుకుని నిలబడ్డాడు. అక్క స్కూటీ మీద ఉంది. ఎవరూ జెండా ఊపలేదు. ఆయన పరిగెత్తాడు, వెనకాలే స్కూటీ వెళ్ళింది. పది కిలోమీటర్లూ. చివర్లో నడిచాడట, ఒకచోట కూర్చుండిపోయాడట కూడా. మళ్ళీ లేచాడట. అక్క లేవమనలేదు, కూర్చోమనలేదు.

గ్రౌండులోకి వచ్చి గడ్డిలో పడిపోయాడు. అక్క స్కూటీకి స్టాండు వేసి, హ్యాండ్‌బ్యాగులోంచి మెడల్ తీసి ఆయన మెళ్ళో వేసింది. ఎగతాళి చేద్దామని వచ్చిన నేను, నీళ్ళసీసా మూత తీసి ఆయనకు అందించాను.

తర్వాత ముగ్గురం జిలేబీ తినడానికి వెళ్ళాం. బావ మెడల్ తియ్యలేదు. దుకాణం అతను జిలేబీ పొట్లం అందిస్తూ, దేనికొచ్చింది సాబ్ అని అడిగాడు.

బావ మెడల్ ఒకసారి సవరించుకున్నాడు.

"దౌడ్‌నే కా," పరిగెత్తినందుకు అని చెప్పి, వేడి జిలేబీ నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాడు.