గోబీ పువ్వు మీద చెప్పిన సాక్ష్యం

వేప నూనె పురుగును వెంటనే చంపదు. చెంగిచెర్లలో కూరగాయలు పెట్టిన మొదటి చలికాలంలోనే ఈ సంగతి నాకు అర్థమైంది. నూనె పడిన ఆకును తినబుద్ధి కాక పురుగు వదిలేస్తుంది, చిన్నవి ఎదగలేక ఎండిపోతాయి. పెద్దవి మాత్రం మన మీద పగబట్టినట్టు ఇంకొన్నాళ్లు తింటూనే ఉంటాయి. ఓపిక లేనివాళ్లు చేసే పని కాదది. మా వదినకు ఓపిక లేదని నాకు ముందే తెలుసు. అయినా నమ్మాను.

వదిన అంటే మా ఆయన అక్క. నాచారంలో మా పక్క గల్లీలోనే ఉంటుంది. చెంగిచెర్లలో ఆమెకున్న ఖాళీ ప్లాటులో ఇద్దరం కలిసి గోబీ పువ్వు వేసేవాళ్లం. భూమి ఆమెది, మొండితనం నాది. పురుగుమందు చుక్క కూడా పడకూడదన్నది నా షరతు. వేప నూనె, కానుగ నూనె కుంకుడు రసంలో పోసి తెల్లగా పాలలా అయ్యేదాకా గిలక్కొట్టి, నీళ్లు కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగున కొట్టేదాన్ని. తలంటుకున్నా ఆ కానుగ వాసన పోయేది కాదు. చర్చిలో నా పక్కన కూర్చునే ఆమె ప్రార్థనకు కళ్లతో పాటు ముక్కు కూడా మూసుకునేది.

మా చర్చిలో ఏటా కోత పండుగ జరుగుతుంది. ఎవరు పండించింది వాళ్లు తొలి పంటగా తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తే, పాడుకున్నవాళ్లు ఇంటికి తీసుకెళ్తారు. ఊళ్లు వదిలి వచ్చి రకరకాల కొలువుల్లో పడ్డ మావాళ్లలో ఇప్పుడు పండించేవాళ్లు ఎక్కడున్నారు? చాలామంది మార్కెట్లో కొన్న గుమ్మడికాయే మోసుకొస్తారు. అందుకే నాకు కాస్త గర్వం. ఈసారి పసిపిల్లలకు కూడా బెంగ లేకుండా పెట్టుకునే కూర తెస్తానని అందరికీ ముందే చెప్పాను.

సరిగ్గా పండుగ ముందు పురుగు విరుచుకుపడింది. నూనె కొట్టినా పువ్వులోకి దూరిపోతోంది. శుక్రవారం ఉపవాస కూడికలో మోకరించి, నా మాట పోనివ్వకు ప్రభువా అని ఏడ్చాను. గోబీ పువ్వు కోసం ఏడుపేమిటని నవ్వేవాళ్లు నవ్వండి. వదిన నా వీపు నిమురుతూ ఓదార్చింది.

శనివారం పొద్దున వెళ్లి చూస్తే ఒక్క పురుగూ కదలడం లేదు. అన్నీ మొదళ్ల దగ్గర రాలి ఉన్నాయి. వాటితో పాటు పంటకు మేలు చేసే అక్షింతల పురుగులు కూడా చచ్చి పడున్నాయి. నూనె అలా చంపదని నాకు తెలుసు. తెలుసు కాబట్టే, ఇది నా నూనె పని కాదు, దేవుడే చెయ్యి కలిపాడనుకున్నాను. సంతోషం పట్టలేక వదినను కావలించుకున్నాను.

"పోనీ తియ్యి పిల్లా, ఎండ ముదుర్తుంది, కోద్దాం పా" అంది ఆమె.

ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచాను. "ఈ పంట మీద వేప నూనె, కానుగ నూనె తప్ప ఇంకేమీ పడలేదు. మిగతాదంతా దేవుడు చేసిన అద్భుతం" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. పక్కనే ఉన్న వదిన గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది. అన్నిటికంటే పెద్ద పువ్వును దమ్మాయిగూడ నుంచి వచ్చే ఒక చిన్నవయసు తల్లి పాడుకుంది. ఆమె పాప అప్పుడప్పుడే అన్నం తినడం మొదలుపెట్టింది.

మళ్లీ నారు పోసే రోజుల్లో నూనె కోసం ఉప్పల్‌లో మేం ఎప్పుడూ వెళ్లే విత్తనాల దుకాణానికి వెళ్లాను.

"మల్ల నూనెనేనా అమ్మా? పోయినసారి మీ వదిన తీస్కపోయిన మందు మస్తు పనిజేసిందట గదా. కొట్టినంక కొన్ని దినాలు పువ్వు కొయ్యొద్దని చెప్పిన, ఆగిన్రా?" అన్నాడు దుకాణం ఆయన.

అక్కడి నుంచి ఇంటికి కూడా పోకుండా నేరుగా వదిన గుమ్మంలో నిలబడ్డాను. ఆమె దాచలేదు. శుక్రవారం కూడిక నుంచి అటే వెళ్లి కొట్టిందట.

"నువ్వట్ల ఏడుస్తుంటె సూడలేకపోయిన. నీ ఇజ్జత్ కాపాడిన, తప్పేంది?"

"మరి సాక్ష్యానికి ఆమెన్ ఎట్లన్నవ్ వదినా?"

"అందరన్నరు, నేనన్న."

నా ఒళ్లు మండిపోయింది. ఇంకో మాట అంటే ఏమంటానో తెలియక వచ్చేశాను. కోపం సరే, పాప మాటేమిటి? ఆ వచ్చిన ఆదివారం చర్చి వాకిట్లోనే ఆ తల్లిని పక్కకు పిలిచి, పువ్వు మీద మందు పడిందని, నాకు నిన్నమొన్నటిదాకా తెలియదని, పాపకేమైనా అయిందా అని అడిగాను.

"ఏం ఫికర్ వెట్టుకోకుండ్రి ఆంటీ. మా పాపకు వెట్టనే లేదు. వేలం కాంగనే మీ వదిన వచ్చి చెప్పింది గదా, మందు కొట్టిన్రు, పిల్లకు పెట్టకు అని. తీస్కున్నోళ్లందరికి చెప్పింది" అని ఆమె కాస్త ఆగి, "మీరే చెప్పి పంపిన్రు అనుకున్నం ఆంటీ" అంది.

నేను దేవుని ముందు నిలబడి అబద్ధం చెప్పి, వెనక నుంచి వదినను పంపాననుకున్నారు. ఇన్ని నెలలూ అలాగే అనుకుంటూ నాకు వందనాలు చెప్పారు, చేతులు కలిపారు.

ఆ కోత పండుగ మధ్యాహ్నం, మేం కోసిన పువ్వుల్లో మిగిలిన దానితో మా ఇంట్లో గోబీ కూర వండింది వదినే. తనకు కడుపులో బాగాలేదని మజ్జిగ తాగి, నాకు కొసరి కొసరి వడ్డించింది. నేను కడుపు నిండా తిన్నాను.