కల్వకుర్తి బస్సులో బెల్లం ఉండ

పోలీసు చర్య ముగిసిన కొత్తలో బెజవాడ నుంచి వచ్చిన నేను కల్వకుర్తి మీదుగా పోయే బస్సెక్కాను. ఆకలేసి, పక్కనున్న అవ్వ గంపలోంచి ఒక బెల్లం ఉండ కొనుక్కుని తిన్నాను. కాసేపటికి ఊరికే నవ్వు రాసాగింది.

"దాంట్ల గంజాయాకుంటది బిడ్డా. మా దిక్కు ఒళ్లునొప్పులకు తింటరు," అంది అవ్వ తాపీగా.

మా వైపు బైరాగులు తప్ప ఎవరూ ముట్టని సరుకది!

ఇంతలో ఆబ్కారీ జవాను బస్సెక్కాడు. లైసెన్సు లేకుండా గంజాయి అమ్మితే జైలే. అతను గంప మీద చెయ్యి వేయగానే అవ్వ ముఖం పాలిపోయింది. నేను మాత్రం పగలబడి నవ్వాను.

"గీయనకేమైంది?" అన్నాడు జవాను, గంప వదిలేసి.

"రజాకార్ల పీడ పోయిందని సంబురం సారూ! పొద్దటిసంది గిట్లనే నవ్వుతాండు," అంది అవ్వ.

"గా సంబురం మాకు లేదా!" అంటూ జవాను నన్ను గట్టిగా కౌగిలించుకుని, నవ్వుతూ దిగిపోయాడు.

అవ్వా నేనూ ఎంత నవ్వామంటే, మేం దిగాల్సిన కల్వకుర్తి ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరికీ తెలియలేదు.