బర్రె మేసిన కోత పండుగ పాట

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది: పాట రాయడానికి ప్రార్థన, పెన్ను ఉంటే చాలునని. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. కోత పండుగకు (విశ్వాసులు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి అర్పించే పండుగ) కొత్త పాట రాసి చెల్లిస్తానని నిండు సంఘంలో లేచి మొక్కుకున్నాను. మొక్కుబడి తప్పినవాడి గతి ఏమిటో సండే స్కూల్ నుంచీ వింటూ పెరిగినవాణ్ణి. మూడు వారాలైనా ఒక్క చరణమూ రాలేదు. పండుగ రేపనగా మా పాస్టరు అయ్యగారు నా ముఖం చూసి, "తమ్మీ, గదిల కూసుంటే ఏమొస్తది? జర పొలాల పొంటి పో. ఫోన్ ఇంట్లనే పెట్టు" అన్నారు.

నోటుబుక్కుతో వర్ధన్నపేట బస్సెక్కాను. ఒక పొలం గట్టు మీద కూర్చుంటే మొదట చీమలు వచ్చాయి, తర్వాత ఎండ వచ్చింది, ఆఖరికి పాట వచ్చింది. పల్లవి, మూడు చరణాలు! ఆనందం పట్టలేక అక్కడే మోకరించి, చేతులెత్తి, కళ్లు మూసుకుని గట్టిగా స్తుతించాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఒక ముసలమ్మ, ఆమె చేతిలో తాడు, తాడు చివర బర్రె.

"ప్రార్థన జేసేటోనివా బిడ్డా? దీనికి జెయ్యి. రెండు దినాలాయె, గడ్డి ముడ్తలేదు."

"డాక్టర్‌కు సూపిచ్చినవా అవ్వా?"

"సూపిచ్చిన. సూది సూడంగనే ఆయన్నే తన్నింది."

"పశువులకు నేనెప్పుడు చెయ్యలె..."

"నోరు లేనిదని దేవుడు ఇనడా?"

నోటుబుక్కు గట్టు మీద పెట్టి, బర్రె నుదుటిపై చెయ్యి వేశాను. (మా సంఘంలో పావుగంటకు తగ్గినదాన్ని ప్రార్థన అనరు.) సృష్టితో మొదలుపెట్టి జలప్రళయం దాటుతుండగా ముసలమ్మ కేక వేసింది: "తింటాంది బిడ్డా! తింటాంది!" విశ్వాసం గలవాణ్ణి కనుక కళ్లు తెరవకుండానే "స్తోత్రం! స్తోత్రం!" అన్నాను. ఆమేన్ చెప్పి చూస్తే, బర్రె మూతి చివర నా మూడో చరణం వేలాడుతోంది.

"అవ్వా, అది నా పాట!"

"పాటనో గీటనో, తిననియ్యి బిడ్డా. మంచిగ నములుతాంది." ఆ తర్వాతే నాది ఏ సంఘమో అడిగింది. చెప్పాను.

మర్నాడు పాట వంతు వచ్చింది. ఒక్క ముక్క గుర్తులేదు. ఒప్పుకుందామని లేచి నిలబడ్డానో లేదో, పాలక్యానుతో ముసలమ్మ చర్చిలోకి వచ్చింది. "ఈ పిలగాడే! కాయితం మంత్రిచ్చి తినవెట్టిండు, నా బర్రె నెమరేస్తాంది. ఇంకోటి రాసియ్యి బిడ్డా, మా మరిది మేకలకు!"

మంత్రం మాట వినగానే సంఘమంతా బిగుసుకుపోయింది. జరిగిందంతా చెప్పి, "నా మొక్కుబడి తప్పినట్టేనా అయ్యగారూ?" అన్నాను.

అయ్యగారు పాలక్యాను తీసుకెళ్లి గుమ్మడికాయల పక్కన పెట్టారు. "నీ పాట అర్పణయి వచ్చింది గద. కూసో."

ఇప్పుడు ఫ్యాను కింద కూర్చుని హాయిగా రాస్తున్నాను. నా పాటలు సంఘంలో పాడుతున్నారు, వెనక వరుసల్లో ఆవలిస్తున్నారు కూడా. అప్పుడు ఆ గట్టు మీద, తన పాటను బర్రె నములుతుంటే కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పిన కుర్రవాడు గుర్తొస్తాడు. ఆ తర్వాత నా పాటను ఎవరూ అంత ఆకలిగా అందుకోలేదు.