యాదిలేదే, అదే పాస్‌వర్డ్!

నవ్వుతరో తిడ్తరో మీ ఇష్టం గానీ, మొన్న నా అతితెలివి ఎట్ల బయటపడ్డదో జర ఇనుండ్రి!

కాటారంల నాది ఆన్‌లైన్ సెంటర్ గదా. పక్క హోటల్ల ఛాయ్ తాగెటోళ్లంత నా వైఫై మీదనే రీల్స్ చూస్తుండ్రి. నెట్ పెట్టినాయన వచ్చి, "అన్నా, నీ కంప్యూటర్ల జనాల ఆధార్లు, బ్యాంకు కాయితాలున్నయి. ఎవడన్న లోపటికి జొర్రితే పరేషాన్ అయితవ్. పాస్‌వర్డ్ మార్చు" అన్నడు. నిజమే గదా!

మార్చిన. ఏం పెట్టిన్నంటరు? "యాదిలేదు"! ఇంగ్లీషు అక్షరాలల్ల. ఎవలన్న అడిగితే "యాదిలేదు" అంట, అబద్ధం గూడ కాదాయె! నాలో నేనే మస్తు నవ్వుకుంట, ప్రింటర్ ఇంకు కోసం భూపాలపల్లి బస్సెక్కిన. దుకాణంల కూసున్న మా ఇంటామె స్వరూపకు చెప్పుడే మర్చిన.

సగం తొవ్వల ఫోనొచ్చింది. "ఏమయ్యా, నెట్ వస్తలేదు. పాస్‌వర్డ్ ఏంది?"

"యాదిలేదు."

"పొద్దుగాలనే పెడితివి గదా! జర సోంచాయించు."

"అరె, యాదిలేదే!"

"మజాక్ చెయ్యకు. పక్క ఊరి శిరీష వచ్చి కూసున్నది. నర్సింగ్ కాలేజీ అప్లికేషన్‌కు ఇయ్యాలనే ఆఖరు. సాయంత్రం బంద్ అయితదట!"

నా నవ్వు ఆగిపోయింది. "పాస్‌వర్డే యాదిలేదు అని! గదే కొట్టు!"

"స్పెల్లింగ్ చెప్పు."

వై తర్వాత ఏ ఒకటా, రెండా? 'లే'కు ఒక్క ఈ పెట్టిన్నా, రెండా? తోచినవన్నీ చెప్పిన. అన్నీ తప్పే! అడివిల సిగ్నల్ గూడ పోయింది. అప్పుడు నాకు నిజంగనే యాదిలేదు.

నడుమల దిగి, ఎనుకకు బస్సు కోసం గంటలు కాసి, దుకాణానికొచ్చి రౌటర్ రీసెట్ కొట్టేసరికి సైట్ బంద్. ఫోన్ నెట్‌తోని సర్టిఫికెట్లు ఎక్కలేదట. ఆ పిల్ల వేరే సెంటర్‌కు పోతనంటే, "మా ఆయన వస్తుండు, కూసో బిడ్డా" అని స్వరూపనే ఆపిందట, నన్ను నమ్మి.

శిరీష ఏడ్వలేదు. సర్టిఫికెట్లు కవర్ల పెట్టుకొని పోయింది. ఏడిస్తే బాగుండు అనిపించింది. నా తెలివికి ఆ పిల్లకు ఏడాది పోయె.

తెల్లారి వాళ్లమ్మ వచ్చింది. "తిట్టక్కా, పడ్త" అన్న.

తిట్టలేదు. "గంత గట్టి పాస్‌వర్డ్ దేనికి తమ్మీ?" అన్నది.

"దొంగలు జొర్రకుంట అక్కా."

"మరి జొర్రిండ్రా?"

"ఒక్కడు గూడ రాలేదక్కా. మీ శిరీష ఒక్కతే వచ్చింది. ఆపిన."