మామ గుండెకు కొత్త లైను

మా మామ జమ్మలమడుగులో బోరు మోటార్ల స్టార్టర్లు బాగుచేస్తాడు. మొన్న వేసవిలో పని చేస్తూ రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాడు. ప్రొద్దుటూరులో డాక్టరు ఈసీజీ తీసి, నాడి నిమిషానికి ముప్పై ఎనిమిదే ఉందని, పేస్‌మేకర్ పెట్టకపోతే మూడోసారి లేవకపోవచ్చని చెప్పాడు. మామ వద్దన్నాడు. పులివెందుల దగ్గర చీనీ, అంటే బత్తాయి తోటలో పని ఒప్పుకున్నాడట, ముందు అదట.

ఒప్పించే పని నా మీద పడింది. ఎలక్ట్రికల్ చదివినవాణ్ణి గనక ఆసుపత్రి బెంచీ మీదే కాగితం తీసి మూడు అంశాలు రాశాను. ఒకటి: గుండె పై గదిలో చిన్న కణాల గుంపు తనంతట తానే విద్యుత్ సంకేతం పుట్టిస్తుంది. రెండు: అది మధ్యలో ఒక కూడలి దగ్గర లిప్తపాటు ఆగుతుంది, ఆలోగా కింది గదులు రక్తంతో నిండుతాయి. మూడు: తర్వాత సన్నని దారుల్లో దిగి ఆ గదులను బిగిస్తుంది. అదే మన చేతికి తగిలే నాడి.

"నీకు ఆ కూడలికాడ తెగింది మామా. పై సంకేతం కిందికి రాల్యా. కింది గదులు వాటి పాటికవి మెల్లగా కొట్టుకుంటాండాయి. అందుకే కొత్త స్టార్టర్ పెడతారంట."

"పైనుండే స్టార్టర్ బాగుండాదా?"

"బాగుండాది."

"కేబులు తెగితే స్టార్టర్ మారుస్తారా యాడన్నా? ఏం సదివినావురా నువ్వు! నేనిట్ల చేస్తే రైతు నన్ను బోర్లోకి తోస్తాడు."

కాగితం మీద నాలుగు అని నంబరు వేశాను. తలెత్తి చూసేసరికి మామ అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. చెయ్యి పట్టుకుని డాక్టరు గదిలోకి లాక్కెళ్తే, అక్కడా అదే ప్రశ్న వేశాడు.

డాక్టరు నవ్వలేదు. "మీ స్టార్టర్‌ను మేం ముట్టుకోం. భుజం కింద చిన్న పెట్టె పెట్టి, రెండు తీగలు గుండెలోకి దింపుతాం. ఒకటి పై గది సంకేతాన్ని వింటుంది. వినగానే రెండోది కింది గదికి అందిస్తుంది."

"వినగానే అంటే కుదరదు సార్. మద్దెలో రవ్వంత ఆగల్ల గదా?"

"ఆగుతుంది. ఆ టైము మేం సెట్ చేస్తాం."

"అంటే తెగిన కేబులు పక్కన కొత్త లైను లాగుతాండారు. ఆ ముక్క చెప్పనీకి రాక వీడు మూడు పాయింట్లు రాసినాడు సార్!" మామ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "బ్యాటరీ ఎన్నాళ్ళొస్తాది?"

"ఎనిమిది, పదేళ్ళు రావచ్చు."

"నేను యా రైతుకూ ఆర్నెల్లకు మించి గ్యారంటీ ఇయ్యలా," అంటూ మామ ఆపరేషన్ కాగితం మీద సంతకానికి నా పెన్ను అడిగాడు.